ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ: మీటరు చూపే అంకెను ఎప్పుడు నమ్మాలి?

సంక్షిప్తంగా: మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు, హెర్ట్జ్‌లలో చెబుతారు. ఈ 50 ఎప్పుడూ కచ్చితంగా 50 కాదు. దేశమంతటా ఒకే సమయంలో, ఒకేలా, కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. కొన్ని వందల రూపాయల సామానుతో ఆ కదలికను ఇంట్లోనే చూడవచ్చు. కాకపోతే అది చాలా చిన్న కదలిక. కొలిచే ఎలక్ట్రానిక్ బోర్డులోని గడియారం సరైనది కాకపోతే తెర మీద కనిపించేది గ్రిడ్ (కరెంటు కేంద్రాలను, ఇళ్లను కలిపే లైన్ల వల) సంగతి కాదు, ఆ గడియారం తప్పు. మెయిన్స్‌కు నేరుగా తీగ కలిపితే ప్రాణానికే ప్రమాదం.

2020 ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలు. ప్రధాని పిలుపు మేరకు దేశమంతటా జనం లైట్లు ఆర్పి దీపాలు పెట్టారు. అందరూ ఒకేసారి లైట్లు ఆర్పితే గ్రిడ్ కూలిపోతుందేమో, ఫ్రిజ్‌లు, టీవీలు కాలిపోతాయేమో అని అంతకుముందు రెండు రోజులూ టెన్షన్ నడిచింది. అనుకున్నదానికంటే ఎక్కువే జరిగింది. దాదాపు పాతిక నిమిషాల్లో సుమారు 31,000 మెగావాట్ల డిమాండ్ పడిపోయింది. అయినా గ్రిడ్ నిలబడింది. ఆ కాసేపట్లో దేశపు ఫ్రీక్వెన్సీ అత్యల్పంగా 49.70, అత్యధికంగా 50.26 హెర్ట్జ్ నమోదైంది. జలవిద్యుత్ కేంద్రాలను నిమిషాల్లో తగ్గించి, మళ్లీ పెంచి ఆపరేటర్లు దాన్ని అదుపులో పెట్టారు.

అంత పెద్ద సంఘటనకు అంకెలో వచ్చిన తేడా అర హెర్ట్జ్‌కు కాస్త ఎక్కువ, అంతే. మామూలు రోజుల్లో కదలిక ఇంకా చిన్నది. గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 మధ్య ఉండాలి. అంటే మొత్తం వెడల్పు 0.15 హెర్ట్జ్. ఇంట్లో మీటరు తయారు చేసుకోవాలనుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే. ఇక్కడ వచ్చే చిక్కులన్నీ దీని దగ్గరే మొదలవుతాయి.

వోల్టేజీ వేరు, ఫ్రీక్వెన్సీ వేరు

ఈ రెండింటినీ కలిపేసుకోవడం చాలా మామూలు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో 235 వోల్టులు ఉంటే, లైను చివరింట్లో సాయంత్రం పూట 190 కూడా ఉండకపోవచ్చు. తీగ పొడవు, దాని మందం, ఆ లైను మీద ఎన్ని మోటార్లు నడుస్తున్నాయి అన్న దాన్ని బట్టి వోల్టేజీ మారుతుంది. అది వీధి సంగతి. ఒక్కోసారి ఒక ఇంటి సంగతే. గీజరు వేయగానే అదే ఇంట్లో లైటు కొంచెం మసకబారడం చాలామంది చూసే ఉంటారు.

ఫ్రీక్వెన్సీ అలా కాదు. మొదటి ఇంట్లో 49.97 ఉంటే చివరింట్లోనూ 49.97. హైదరాబాద్‌లో, విశాఖలో, ఢిల్లీలో, గువాహటిలో కూడా అంతే. ఒకదానితో ఒకటి ఏసీ (అటూ ఇటూ ఊగే కరెంటు) లైన్లతో ముడిపడిన జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయి కాబట్టి ఎవరి ఫ్రీక్వెన్సీ వాళ్లకు ఉండదు. మధ్యలో అల్లకల్లోలం వచ్చిన ఒకటి రెండు సెకన్లు మాత్రం ప్రాంతాల మధ్య కొద్ది తేడా ఉంటుంది. ఇంట్లో గీజరు వేసినా, తీసినా ఫ్రీక్వెన్సీ మీటరు కదలదు. 2024 మే 30న దేశపు గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లు. అందులో 2 కిలోవాట్ల గీజరు వాటా పన్నెండున్నర కోట్లలో ఒకటి. స్టెబిలైజరు కూడా వోల్టేజీనే సరిచేస్తుంది, ఫ్రీక్వెన్సీని ముట్టుకోలేదు.

అంకె ఎందుకు కదులుతుంది?

రామగుండం, సింహాద్రి లాంటి పెద్ద థర్మల్ కేంద్రాల్లో టర్బైను, జనరేటరు ఒకే ఇరుసు మీద నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. 3000ను 60తో భాగిస్తే 50. శ్రీశైలంలోని జల టర్బైన్లు చాలా నెమ్మదిగా తిరుగుతాయి. అయితే అక్కడి జనరేటర్లలో అయస్కాంత ధ్రువాలు ఎక్కువ కాబట్టి వచ్చే కరెంటు మళ్లీ 50 హెర్ట్జే. అంటే ఫ్రీక్వెన్సీ కొలవడమంటే, చూడని ఆ యంత్రాల వేగాన్ని ఇంటి ప్లగ్గులో కొలవడమే.

సైకిలు ఒకే జోరుతో తొక్కుతుండగా వెనక ఒకరు ఎగిరి కూర్చుంటే వేగం తగ్గుతుంది. మళ్లీ పాత వేగం రావాలంటే బలంగా తొక్కాలి. గ్రిడ్‌లోనూ అదే. కరెంటును తీగల్లో దాచి ఉంచలేం. ఈ క్షణం వాడేదంతా ఈ క్షణమే తయారు కావాలి. వాడకం పెరిగి, తయారీ ఇంకా పెరగకపోతే ఆ లోటు తిరిగే ఇరుసుల్లో ఉన్న శక్తి నుంచి తీరుతుంది. దాంతో అవి రవ్వంత నెమ్మదిస్తాయి. ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. వాడకం తగ్గితే ఇరుసులు వేగం పుంజుకుంటాయి, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది.

ఇలా తగ్గినప్పుడు టర్బైను వేగాన్ని అదుపు చేసే గవర్నరు తనంత తానే ఆవిరి వాల్వు తెరుస్తుంది. ఎంత తెరవాలో చెప్పే లెక్కను డ్రూప్ అంటారు. 5 శాతం డ్రూప్ పెట్టిన యూనిట్ ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే తన సామర్థ్యంలో 4 శాతం అదనంగా ఇవ్వాలి. ఇది సెకన్లలో జరిగే పని. ఆ తర్వాత నిమిషాల్లో లోడ్ డిస్పాచ్ కేంద్రాల ఆదేశాలతో మిగతా సర్దుబాటు జరుగుతుంది. జాతీయ స్థాయిలో ఢిల్లీ, దక్షిణాదికి బెంగళూరు, తెలంగాణకు హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడ ఈ పని చూస్తాయి. ఇవేవీ చాలక ఫ్రీక్వెన్సీ బాగా కిందికి పోతే రిలేలు (తమంత తామే పనిచేసే స్విచ్చులు) మెట్లు మెట్లుగా ఫీడర్లను, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లను, కత్తిరిస్తాయి. ఆ కోతకు ముందు ఎవరికీ కబురు రాదు.

దక్షిణ గ్రిడ్‌లో 48 హెర్ట్జ్ రోజులు

ఇప్పుడు 49.90కి దిగితే తక్కువ అంటున్నాం. 2003కు ముందు దక్షిణ గ్రిడ్‌లో 48 దగ్గర గంటల తరబడి నడవడం మామూలు విషయం. మరోవైపు తూర్పు గ్రిడ్‌లో వాడకం తక్కువ కాబట్టి 51 దాటిపోయేది. 48.5 హెర్ట్జ్ వద్ద పంపుసెట్టు మోటారు వేగం 3 శాతం తగ్గుతుంది. పంపు నీటిని ఎత్తే బలం వేగానికి వర్గంగా మారుతుంది కాబట్టి అది దాదాపు 6 శాతం పడిపోతుంది. లోతు బోర్లలో ఆ తేడా పైపు చివర ధారలోనే కనిపిస్తుంది. దానికి తోడు లో వోల్టేజీ. మోటారు కాలిపోవడానికి రైతు వోల్టేజీనే తిట్టుకునేవాడు, అందులో తప్పు లేదు. నీళ్లు తగ్గడంలో ఫ్రీక్వెన్సీ వాటా మాత్రం ఎవరికీ కనపడేది కాదు. పవర్ స్టేషన్లకూ నష్టమే. తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిస్తే టర్బైను చివరి వరుస బ్లేడ్లు కంపించి పగుళ్లు వస్తాయి.

మార్పు తెచ్చింది కొత్త యంత్రాలు కాదు, లెక్కల పద్ధతి. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్, క్లుప్తంగా ఏబీటీ, 2002 జూలైలో పశ్చిమ గ్రిడ్‌లో మొదలై 2003 జనవరి 1న దక్షిణానికి వచ్చింది. ముందే చెప్పిన షెడ్యూలు కంటే ఎక్కువ లాగిన రాష్ట్రం ఆ క్షణపు ఫ్రీక్వెన్సీని బట్టి డబ్బు కట్టాలి. తొలినాటి రేటులో 50.5 దగ్గర ధర సున్నా, 49.02 దగ్గర యూనిట్‌కు 420 పైసలు. అంటే కంట్రోల్ రూంలో గోడ మీద ఉన్న ఫ్రీక్వెన్సీ మీటరే ధరల పట్టిక అయింది. ఏ రాష్ట్రంలో ఏ ఆపరేటరు చూసినా ఒకే అంకె, ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. కొద్ది నెలల్లోనే పరిస్థితి కుదుటపడింది. భారత విద్యుత్ చరిత్రలో ఇంత చవకగా ఇంత పెద్ద ఫలితం ఇచ్చిన సంస్కరణలు తక్కువ. తర్వాత నిబంధనలు చాలాసార్లు మారాయి. అనుమతించే పట్టీ కూడా క్రమంగా ఇరుకై 2014లో 49.90–50.05కి చేరింది.

మొదట్లో దక్షిణ గ్రిడ్‌కు తన ఫ్రీక్వెన్సీ తనకే ఉండేది. విశాఖలోని గాజువాక దగ్గర ఉన్న హెచ్‌వీడీసీ స్టేషన్ లాంటివాటి ద్వారా తూర్పుతో కరెంటు ఇచ్చిపుచ్చుకున్నా, మధ్యలో డీసీ (ఊగని కరెంటు) ఉంటుంది కాబట్టి రెండు లయలు కలవవు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది కుప్పకూలి, రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయి దేశంలో సగం దాకా చీకటైనప్పుడు మన దగ్గర లైట్లు వెలుగుతూనే ఉండటానికి కారణం అదే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో కొలిచే అంకె దేశమంతటిదీ అయింది ఆ రోజు నుంచే.

మీటరు కట్టే ముందు

230 వోల్టులు అనేది ఒక రకం సగటు. తరంగం శిఖరం 325 వోల్టుల దాకా వెళ్తుంది. వీడియోల్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక రెసిస్టరో కెపాసిటరో పెట్టి నేరుగా బోర్డుకు కలిపే సర్క్యూట్లు కనిపిస్తుంటాయి. వాటిలో బోర్డు మీద ప్రతి బిందువూ లైవ్ తీగతో సమానం. దాన్ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు కలిపితే ల్యాప్‌టాప్ కూడా లైవే. ఆసిలోస్కోపు (తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరం) ప్రోబు గ్రౌండు క్లిప్పును మెయిన్స్ మీద పెట్టినా పెద్ద ప్రమాదమే, ఎందుకంటే ఆ క్లిప్పు స్కోపు ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఈ దారులు వద్దు.

సరైన దారి మామూలు ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల, లేదా ఏ ఊరి ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా 9-0-9 అని అడిగితే ఇస్తారు. 230 వైపు తీగలను ఫ్యూజుతో సహా మూతబిగించిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, 9 వోల్టుల తీగలు మాత్రమే బయటికి తీయాలి. ఆ పెట్టె వరకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోవడం నామోషీ ఏమీ కాదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) ఉంటే ఇంకా మంచిది. మొబైల్ ఛార్జరు ఈ పనికి రాదు. అది లోపల ఏసీని డీసీగా మార్చేస్తుంది కాబట్టి బయటికి వచ్చేదాంట్లో 50 హెర్ట్జ్ లయ దాదాపు మిగలదు.

తీగే ముట్టని దారి ఇంకొకటి ఉంది. చోక్ ఉన్న పాత ట్యూబులైటు, ఫిలమెంటు బల్బు, చవకరకం ఎల్ఈడీ బల్బు, ఇవన్నీ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ ఫోటోడయోడుకు (వెలుగును కరెంటు సంకేతంగా మార్చే చిన్న భాగం) తెలుస్తుంది. దాన్ని లైటు వైపు తిప్పి, వచ్చిన సంకేతాన్ని పెంచి, 2తో భాగిస్తే చాలు. పిల్లలతో చేయించడానికి ఇంతకన్నా క్షేమమైన పద్ధతి లేదు.

లెక్కపెట్టడమా, కాలం కొలవడమా?

అందరికీ మొదట తట్టే ఆలోచన: ఒక సెకనులో ఎన్ని తరంగాలు వచ్చాయో లెక్కపెడదాం. 50 వస్తాయి. మళ్లీ చూస్తే 50. ఇంకోసారి 49. మొత్తం కదలిక 0.15 హెర్ట్జే అయినప్పుడు, 1 హెర్ట్జ్ మెట్టుతో కొలిస్తే ఏమీ కనిపించదు. 0.01 దాకా రావాలంటే 100 సెకన్లు లెక్కపెట్టాలి. ఈలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

అందుకని ప్రశ్నను తిరగేయాలి. ఒక తరంగానికి ఎంత సమయం పట్టింది? 50 హెర్ట్జ్ వద్ద 20,000 మైక్రోసెకన్లు. 49.99 వద్ద 20,004. అంటే 0.01 హెర్ట్జ్ తేడా 4 మైక్రోసెకన్లుగా కనిపిస్తుంది. ఆర్డుయినో ఊనో అనే ప్రోగ్రాము రాసుకోగల చిన్న బోర్డు మామూలుగా 4 మైక్రోసెకన్ల మెట్టుతోనే కాలం చెబుతుంది. ఒక్క తరంగం కాకుండా వరసగా 50 తరంగాలకు పట్టిన సమయం కొలిస్తే ఆ 4 మైక్రోసెకన్లు పది లక్షల్లో భాగమవుతాయి. మెట్టు 0.0002 హెర్ట్జ్‌కు దిగుతుంది. మార్కెట్లో దొరికే చవక ఎనర్జీ మీటరు మాడ్యూళ్లు 0.1 హెర్ట్జ్ మెట్టుతో చూపిస్తాయి కాబట్టి రోజంతా 49.9, 50.0, 50.1 లాంటి రెండు మూడు అంకెలు తప్ప దాదాపు ఏమీ కనిపించదు. ఇంట్లో కట్టుకున్న మీటరు వాటికన్నా ఎన్నో రెట్లు సూక్ష్మంగా చూడగలదు.

రెండు గడియారాల మధ్య తగవు

చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు. తెర మీద నాలుగు దశాంశాలు కదులుతుంటాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ సూక్ష్మంగా చూపడం వేరు, సరిగ్గా చూపడం వేరు.

ఉదాహరణకు 50 తరంగాలకు నిజంగా పట్టిన సమయం 1.0006 సెకన్లు అనుకుందాం. అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.970. బోర్డు దాన్ని తన గడియారంతో కొలుస్తుంది. ఆ గడియారం 0.3 శాతం త్వరగా నడుస్తుంటే 10,03,602 మైక్రోసెకన్లు అని చెబుతుంది. తెర మీద పడే అంకె 49.82. చూసినవాళ్లకు గ్రిడ్ ఏదో ప్రమాదంలో ఉందనిపిస్తుంది. గ్రిడ్ నిక్షేపంగా ఉంది.

0.3 శాతం అనేది అతిశయోక్తి కాదు. ఊనో ఆర్3 బోర్డులో ముఖ్య చిప్‌కు గడియారంగా ఉండేది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, సిరామిక్ రెసొనేటరు. దానికి అనుమతించిన తేడా 0.5 శాతం దాకా ఉంటుంది. 50లో 0.5 శాతం అంటే 0.25 హెర్ట్జ్. దేశపు గ్రిడ్‌కు అనుమతించిన మొత్తం పట్టీ 0.15. కొలబద్ద తప్పే కొలిచే వస్తువు కంటే పెద్దది. ఎండాకాలం మధ్యాహ్నం గది వేడెక్కితే ఆ తప్పు కూడా కదులుతుంది. గీసిన గ్రాఫులో మధ్యాహ్నం నెమ్మదిగా వంపు కనిపిస్తే అది సోలార్ ప్రభావం అనుకునే ముందు గది ఉష్ణోగ్రత చూడాలి.

క్వార్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డు తీసుకుంటే కథ మారుతుంది. పది లక్షల్లో 50 భాగాల తప్పున్న మామూలు క్రిస్టల్ కూడా 0.0025 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. ఈఎస్‌పీ32 బోర్డుల క్రిస్టల్ అంతకంటే మెరుగు. ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సరిచేసుకునే డీఎస్3231 గడియారపు చిప్ పది లక్షల్లో 2 భాగాలు, అంటే 0.0001 హెర్ట్జ్. అన్నిటికంటే పైన జీపీఎస్ మాడ్యూలు. చాలా జీపీఎస్ మాడ్యూళ్లకు సెకనుకు ఒక పల్సు ఇచ్చే కాలు (పిన్) ఉంటుంది. ఆ పల్సు వెనక ఉన్నది ఉపగ్రహాల్లోని అణు గడియారాలు. రెండు పల్సుల మధ్య బోర్డు 10,03,000 అని లెక్కపెట్టిందంటే బోర్డు ఎంత త్వరగా నడుస్తోందో తేలిపోయింది. ప్రతి కొలతనూ 1.003తో భాగిస్తే చాలు. అదే సస్తా రెసొనేటరు బోర్డు, ఇప్పుడు నమ్మదగిన మీటరు అయింది.

సరిచేసే పేరుతో జరిగే ఒక తప్పును గట్టిగా చెప్పాలి. మెయిన్స్ 50 కదా అనుకుని, తెర మీద 50.00 వచ్చేదాకా ప్రోగ్రాములో గుణకాన్ని మార్చేవాళ్లు ఉన్నారు. దేన్ని కొలవాలో దానితోనే కొలబద్దను సరిచేస్తే ఇక కొలిచేదేముంది? ఆ నిమిషంలో నిజంగా 49.93 ఉంటే ఆ తప్పు శాశ్వతంగా బోర్డులో ఉండిపోతుంది. జీపీఎస్ లేనివాళ్లకు వేరే దారులున్నాయి. గ్రిడ్ కంట్రోలర్ సంస్థ వెబ్‌సైట్‌లో దేశపు ఫ్రీక్వెన్సీ ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. అదే నిమిషానికి ఇంటి అంకెతో పోల్చి, ఇలా పాతిక ముప్పై సార్లు చేసి సగటు తేడా తీస్తే గడియారం తప్పు చాలావరకు బయటపడుతుంది. వైఫై ఉన్న బోర్డయితే ఇంటర్నెట్ సమయంతో గంటల తరబడి పోల్చుకోవచ్చు. నెట్ సమయంలో 20 మిల్లీసెకన్ల ఊగిసలాట ఉన్నా, గంట మీద పరిచితే అది పది లక్షల్లో 6 భాగాలు కూడా కాదు.

సున్నా దాటే చోట

కాలం కొలవాలంటే తరంగం ఎక్కడ మొదలైందో ఒక గుర్తు కావాలి. తరంగం సున్నాను దాటి పైకి లేచే చోటును గుర్తుగా తీసుకుంటారు, అక్కడ దాని ఏటవాలు అత్యధికం కాబట్టి. సులువైన సర్క్యూట్: ట్రాన్స్‌ఫార్మర్ 9 వోల్టుల కొసను 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా బీసీ547 ట్రాన్సిస్టరు బేస్‌కు, మధ్యలోని 0 కొసను ఎమిటరుకు, అంటే బోర్డు గ్రౌండుకు కలపాలి. ఎదురు వోల్టేజీ నుంచి కాపాడటానికి బేస్, ఎమిటరు మధ్య 1ఎన్4148 డయోడు తిరగేసి పెట్టాలి. కలెక్టరు దగ్గర పుల్-అప్ రెసిస్టరు. అక్కడి నుంచి బోర్డుకు.

9 వోల్టుల తరంగం సున్నా దగ్గర మైక్రోసెకనుకు 4 మిల్లీవోల్టుల వేగంతో లేస్తుంది. దాని మీద 40 మిల్లీవోల్టుల చెత్త (అక్కర్లేని అలజడి, నాయిస్) ఉంటే గుర్తు 10 మైక్రోసెకన్లు అటూ ఇటూ జరుగుతుంది. ఒక్క తరంగాన్ని కొలిస్తే అది 0.025 హెర్ట్జ్ ఊగిసలాట. 50 తరంగాల మీద కొలిస్తే 0.0005. చెత్త ఎక్కడిదంటే ఎల్ఈడీ డ్రైవర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, మిక్సీ బ్రష్‌లు. మిక్సీ వేసినప్పుడల్లా తెర మీద 50 బదులు 53, 61 కనిపిస్తే దేశంలో ఏమీ జరగలేదు, ఒక తరంగాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం జరిగింది. చిన్న అలజడిని పట్టించుకోని ష్మిట్ ట్రిగ్గరు చిప్ ఒకటి మధ్యలో పెట్టి, ప్రోగ్రాములో ఒక గుర్తు వచ్చాక 15 మిల్లీసెకన్ల దాకా ఇంకో గుర్తును పట్టించుకోవద్దని చెబితే ఇది పోతుంది. పైకి లేచే గుర్తులనే తీసుకోవాలి. పైకీ కిందికీ రెండూ కలిపితే అంకె 100 అవుతుంది.

గ్రాఫులో కనిపించేవి

మీటరు కుదురుకున్నాక ఒక రోజంతా సెకనుకో అంకె చొప్పున నమోదు చేస్తే అసలు ఆసక్తికరమైనది కనిపిస్తుంది. గీత నున్నగా ఉండదు. గంట కొట్టే వేళకు, పావుగంటలు మారే వేళకు చిన్నచిన్న గంతులు ఉంటాయి. మన దగ్గర కరెంటు కొనుగోలు, అమ్మకం షెడ్యూళ్లన్నీ 15 నిమిషాల బ్లాకుల్లో, రోజుకు 96 చొప్పున నడుస్తాయి. బ్లాకు మారగానే కొన్ని కేంద్రాలు తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి, లోడు మాత్రం గడియారం చూసి మారదు. ఆ పొంతన లేకపోవడమే గంతుగా కనిపిస్తుంది. వ్యవసాయ ఫీడర్లకు త్రీఫేజ్ ఇచ్చే, ఆపే వేళలు కూడా పెద్ద లోడును ఒకేసారి కదిలిస్తాయి. ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్ అయితే గీత నిట్టనిలువుగా పడి, కొద్ది సెకన్లలో సగం లేచి, తర్వాత నెమ్మదిగా కోలుకుంటుంది. ఆ సగం లేవడం గవర్నర్ల పని.

కరెంటు పోయినప్పుడు గీత ఉన్నట్టుండి స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా, తిన్నగా అయిపోతే సంతోషించనక్కర్లేదు. మీటరు ఇన్వర్టరు మీద నడుస్తోంది. ఇన్వర్టరుకు దేశంతో సంబంధం లేదు, తన లోపలి చిప్ చెప్పిన 50ని వాయిస్తుంది. అపార్ట్‌మెంటు డీజిల్ జనరేటరు అయితే ఇంకోలా ఉంటుంది. లోడు లేనప్పుడు 51, 52 దగ్గర ఉండి, అందరి లిఫ్టులు, మోటార్లు పడగానే దిగుతుంది. డ్రూప్ అంటే ఏమిటో కళ్లారా చూడాలంటే దీన్ని మించిన పాఠం లేదు.

బయటి దేశాల్లో ఇదే అంకె

యూరప్‌లో 2018 జనవరి నుంచి మార్చి దాకా ఓవెన్ల మీద, రేడియోల మీద ఉండే గడియారాలు 6 నిమిషాలు వెనకబడ్డాయి. కొసోవో, సెర్బియాల వివాదం వల్ల అక్కడ తగ్గిన కరెంటును ఎవరూ భర్తీ చేయకపోవడంతో ఖండం మొత్తం సగటు 49.996కు దిగింది. అవి మెయిన్స్ తరంగాలు లెక్కపెట్టి నడిచే గడియారాలు. 0.004 హెర్ట్జ్ అంటే ఏమీ లేదనిపిస్తుంది గానీ, రోజుకు 7 సెకన్ల చొప్పున రెండు నెలలకు కాస్త తక్కువగా పేరుకుంటే అదే 6 నిమిషాలు.

అమెరికాలో 60 హెర్ట్జ్. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డల్లాస్, ఆస్టిన్ టెక్సాస్ సొంత గ్రిడ్ మీద ఉన్నాయి, ఆ గ్రిడ్ అమెరికా తూర్పు, పడమర గ్రిడ్లతో లయ కలపదు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మంచు తుపానులో ఆ గ్రిడ్ 59.302కి పడింది. 59.4కు దిగువన 9 నిమిషాలు ఉంటే రిలేలు జనరేటర్లనే తప్పించేవి. 4 నిమిషాల 23 సెకన్లకు కోలుకుంది. అందుకోసం లక్షల ఇళ్లకు కరెంటు తీసేశారు, చాలా ఇళ్లకు గడ్డకట్టే చలిలో రోజుల తరబడి తిరిగి రాలేదు.

సోలార్ పెరిగే కొద్దీ

కర్నూలు సోలార్ పార్కులో తిరిగే ఇరుసు లేదు. సోలార్ ఇన్వర్టరు గ్రిడ్ లయను చూసి దాన్నే అనుసరిస్తుంది. మధ్యాహ్నం సోలార్ వాటా పెరిగి థర్మల్ యూనిట్లు తగ్గితే, లోటు వచ్చిన క్షణంలో ఆదుకునే తిరుగుడు శక్తి కూడా తగ్గుతుంది. ఒకే 600 మెగావాట్ల యూనిట్ రాత్రి ట్రిప్ అయినప్పటి కంటే మధ్యాహ్నం ట్రిప్ అయినప్పుడు ఫ్రీక్వెన్సీ వేగంగా పడే అవకాశం ఉంది. బ్యాటరీలు, శ్రీశైలం ఎడమ గట్టున ఉన్నటువంటి నీటిని వెనక్కి తోడే యూనిట్లు, లయను తామే నిలబెట్టగల కొత్తరకం ఇన్వర్టర్లు ఈ లోటును పూడ్చాల్సినవి.

ఈ మార్పు ఇంటి మీటరులో తెలియాలంటే సెకనుకో అంకె చాలదు. ట్రిప్ తర్వాత మొదటి రెండు సెకన్లలో గీత ఎంత నిటారుగా పడుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. 50 తరంగాల సగటు దాన్ని గుండ్రంగా చెరిపేస్తుంది. 5 తరంగాలకు ఒకసారి, అంటే సెకనుకు 10 అంకెలు నమోదు చేస్తే గుర్తుల దగ్గర 10 మైక్రోసెకన్ల ఊగిసలాట ఉన్నా తప్పు 0.005 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ప్రతి అంకె పక్కన సమయం, వీలైతే గది ఉష్ణోగ్రత కూడా రాసి ఉంచితే, ఈ ఏడాది మధ్యాహ్నపు పతనాన్ని నాలుగేళ్ల తర్వాతి మధ్యాహ్నంతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.